వీధి మాట్లాడిన రోజు

“తిన్నావామా?” అని జీవిత రోజూ అడిగే ప్రశ్న అడగకముందే ఫోన్‌లో తల్లి కాంచన చెప్పేసింది.

“నాలుగిడ్లీలు తిన్నాను పాపా. దేవకి తెచ్చిచ్చినాది.”

ఫ్యాక్టరీ బస్సు దిగి తిరువళ్ళూరులోని తన ఇంటివైపు నడుస్తున్న జీవిత ఆగిపోయింది.

“దేవకత్తా? మనింటికి వచ్చినాదా?”

“దేవకి ఒక్కటే యాడ? అందరూ వస్తా ఉండారు. నిన్న నా పడుగు సాగదీసేదానికి వీధంతా చెయ్యేసినారు.”



తిరుత్తణిలో వాళ్ళది నేతగాళ్ళ వీధి. మగ్గానికి ఎక్కించే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి గంజి పెట్టాలంటే పదిమంది చేతులు కావాలి. జీవిత చర్చిలో పాల్‌రాజ్‌ను పెళ్ళి చేసుకున్ననాటి నుంచి కాంచన పడుగుకు ఎవరూ చెయ్యి వేయలేదు. మగ్గం మూలపడింది. ఆమె బిందెతో వస్తే కొళాయి దగ్గర ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ కలిసి నూలు కండెలు చుట్టిన దేవకి కూడా తల తిప్పుకునేది.

కాంచనకు తిండి సయించడం మానింది. నిద్ర దూరమైంది. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, “రోగమేమీ లేదమ్మా, నలుగురితో కలిసి ఉండు” అంది డాక్టరమ్మ.

“ఏ నలుగురితో?” అని కాంచన అడిగితే ఆమె మందుల చీటీ చేతికిచ్చింది.

జీవిత తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంది. నెల తిరక్కుండానే కాంచన సంచి సర్దుకుంది. “ఈడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవురుండారు? వాళ్ళు తిట్టినా ఆ వీధిలోనే పడుంటాను” అంది. జీవితకు బిడ్డ పుట్టినా చూడడానికి రాలేదు. వస్తే వీధికి తెలిసిపోతుందని భయం.

“లోకనాథం మామ ఏమన్నాడు?” అడిగింది జీవిత. వీధికి పెద్ద ఆయనే. మాట్లాడకూడదని కట్టడి పెట్టిందీ ఆయనే.

“అన్నే ముందు వచ్చినాడు. జరిగింది ఇంతటితో వదిలేద్దాము, నువ్వు మా మనిషివే అన్నాడు. ఆదివారం వీధికంతా మనింట్లోనే సాపాటు.”

“మరి మమ్మల్ని…”



“ముందు ఆ పని అయిపోనీ పాపా. తర్వాత మాట్లాడుకుందాము. పొయ్యి మింద అన్నముండాది” అని కాంచన పెట్టేసింది.

ఇంట్లో పాల్‌రాజ్ అంతా విని ఒకటే అడిగాడు. “మనల్ని రమ్మనిందా?”

“అమ్మ ఇంటికి పోయేదానికి పిలుపెందుకు? బిడ్డను చూస్తే ఎంత సంతోషపడుతుందో!”

“ఒక తూరి అడిగి పోదాము జీవితా.”

“అడిగితే ఇంక సర్‌ప్రైజ్ యాడుంటుంది?”

ఆదివారం లోకల్ రైల్లో దారి పొడుగునా జీవిత బిడ్డకు చెబుతూనే ఉంది: ఇది, ఇప్పుడు లేని మీ తాత నేసిన మగ్గం అని చూపిస్తాను, దేవకత్త ఒళ్ళో కూర్చోబెడతాను, అందరూ నిన్ను ఎత్తుకుంటారు. పాల్‌రాజ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర ఆగిపోయి, “ముందు నువ్వు పో. పిలిస్తే వస్తాను” అన్నాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. కింద వరసగా కూర్చుని వీధి వీధంతా తింటోంది. ఆ దృశ్యం చూడగానే జీవిత కళ్ళు తడిశాయి. తన వల్ల విడిపోయిన వాళ్ళంతా ఒక్కచోట చేరారు.

సాంబారు వడ్డిస్తున్న దేవకి ముందుగా ఆమెను చూసింది. గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పంక్తిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బిడ్డను చూసి మురిసిపోతున్నారనుకుని జీవిత అందరికీ నవ్వుతూ ముందుకు నడిచింది.

లోపలి నుంచి తల్లి గొంతు గట్టిగా వినబడింది. “ఇంకో వడ వెయ్యి, అన్నకు చాల్లేదు!” ఆ గొంతులో అంత బలం విని ఎన్నాళ్ళయిందో!

కాంచన వడల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కళ్ళ కింద నలుపు పోయింది.

“మా! చూడు ఎవురొచ్చినారో!” జీవిత బిడ్డను పైకెత్తి చూపించింది.

కాంచన బిడ్డను చూసింది. వెంటనే చూపు మళ్ళించి లోకనాథం ముఖంలోకి చూసింది.

ఆయన ఆకు మీది నుంచి తలెత్తలేదు. “ఎవురు కాంచనా, ఈ పిల్ల?” అన్నాడు.

పంక్తి మొత్తం ఆమె జవాబు కోసం ఎదురు చూసింది. కాంచన పళ్ళేన్ని గట్టిగా బిగించి పట్టుకుంది.

“తెలీదన్నా” అంది. “ఇల్లు తప్పి వచ్చినట్టుండాది.”

ఆమె వెనక గోడ మీద, జీవిత ఫొటోకు పూలదండ వేసి ఉంది.