దిష్టి మాటల హక్కుదారు

తలుపు ఊడి పడేసరికి మంగతాయారు మనవరాలికి దిష్టి తీస్తోంది. ఆమె గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు ఉన్నాయి. పక్కనే కుంపట్లో నిప్పులు కణకణలాడుతున్నాయి.

ఇంటింటి గోడకూ కంపెనీ బిగించిన మరచెవి ఆమె దిష్టి మాటల్ని చేరవేసి పది నిమిషాలైనా కాలేదు. లోపలికి దూసుకొచ్చిన కంపెనీ మనిషి, అడ్డం వెళ్లిన అల్లుడి మోచెయ్యి కడ్డీతో విరగ్గొట్టి, సంచిలోంచి గొంతు తాళం తీశాడు. అది మెడకు పడితే ఇక జన్మలో మాట పెగలదు.

“ఆ దిష్టి మాటలు మావి మామ్మగారూ. కిందటేడే రిజిస్టరు చేయించాం.”

“మా అమ్మమ్మ నేర్పిన మాటల్రా సచ్చినోడా!”

“ఆవిడ రిజిస్టరు చేయించుకోలేదుగా!” అతను నవ్వుతూ ఆమె మెడ మీదికి వంగాడు.

మంగతాయారు గుప్పెడు మిరపకాయలూ నిప్పుల్లో పోసి, కుంపటెత్తి అతని మొహాన కుమ్మరించింది. అతను కళ్లు పట్టుకుని గావుకేక పెడుతూ కూలాడు. జారిపడ్డ తాళం అందుకుని ఆమె అతని మెడకే బిగించింది. కేక సగంలో తెగిపోయింది.

“పారిపోదాం అత్తయ్యా! ఇంకా వస్తారు,” అన్నాడు అల్లుడు మూలుగుతూ.

“రానీ. దిష్టి సగంలో ఆపకూడదు నాయనా.”

ఆమె డబ్బాలోంచి కొత్త మిరపకాయలు తీసి, పాప చుట్టూ తిప్పుతూ, గోడకు బాగా వినపడేలా దిష్టి మాటలు మొదటినుంచీ అందుకుంది.