చల్లని చోటు

జూన్ 12. ముసురు. పొద్దున్నే మా బేకరీ పొయ్యి గొట్టంలో మసి దులిపాను.

ఆ పొయ్యి ముందు నా భార్య నిలబడడం మొదలై నాలుగు నెలలైంది. అంతకుముందు అది నా చోటు. పిల్లలు కలగడం లేదని వెళ్తే, డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

"వృషణాలు ఒంటి బయట సంచిలో ఎందుకున్నాయో తెలుసా? ఒంటికన్నా కాస్త చల్లగా ఉంటేనే వాటిలో బీజకణాలు సరిగ్గా తయారవుతాయి. నువ్వేమో రోజంతా వాటిని పొయ్యికి ఎదురుగా పెట్టావు."

నేను తల వంచుకున్నాను. నా భార్య మాత్రం ఇంటికొచ్చే దారంతా నవ్వింది.

"వేడికి చచ్చిపోతుందని ఈస్టును చల్లటి గూట్లో దాస్తావు. మరి నీ అసలైన ఈస్టును కాల్చుకుంటావా, బావా?"

మర్నాటి నుంచి పొయ్యి ఆమెది. వదులు పైజామా, గల్లా పక్కన ఫ్యాను నావి. కొత్త కణాలు ఎదగడానికి రెండున్నర నెలలు పడుతుందట. "ఏమయ్యా, దొరవైపోయావే!" అన్నవాళ్లకు నడుం నొప్పని చెప్పాను.

ఈ రోజు మొదటి వాయి రొట్టెలు తీస్తూనే ఆమె నోరు మూసుకుని పెరట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చి చేతి తొడుగులు నా ఒళ్లో పడేసింది.

"రొట్టె వాసనకే కడుపులో తిప్పుతోంది. నెల తప్పింది. పో బావా, ఇక నువ్వెంత కాలినా పర్లేదు."

పొయ్యి దగ్గర నిలబడే ఇది రాస్తున్నాను, ఒక అడుగు వెనక్కి జరిగి. రెండో వాయి గురించి కూడా ఆలోచించాలి కదా. అన్నట్టు, లోపల రొట్టెలు మాడుతున్న వాస—