ఎర్ర కారు చప్పుడు

కారు ఇంజన్ మీద స్టెతస్కోపు పెట్టి వింటున్న డాక్టరును చూసి మెకానిక్ ముజీబ్‌కు నవ్వాగలేదు.

"బర్రె కాదు డాక్టర్ సాబ్, బండి."

"బర్రెకైతే ఎక్కడ నొప్పో ఈపాటికి దొరుకుతుండె," అన్నాడు భానుప్రసాద్.

అతను రెంజల్‌లో పశువుల డాక్టరు. కాపురం బోధన్‌లో. చిన్నప్పటి నుంచీ ఉన్న మోజు కొద్దీ ఈ ఎర్ర స్పోర్ట్స్ కారును నిజామాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నేలకు ఆనుకున్నట్టుండే పాత బండి. ఇద్దరికే చోటు. ఎందరి చేతులు మారి వచ్చిందో తెలియదు.

కొన్న రోజు నుంచీ ఒకటే బాధ. జోరుగా పోతే ఏమీ వినపడదు. మలుపు దగ్గర నెమ్మది చేస్తే చాలు, ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడు. లోపల ఎవరో ఉండి తలుపు తట్టినట్టు.

ముజీబ్ బెల్టు మార్చాడు. ఆయిల్ మార్చాడు. వాల్వులు సరిచేశాడు. చప్పుడు మాత్రం పోలేదు.

"ఏం కాదు సాబ్. పాత బండి, జర గుణుగుతది. రేపు బేఫికర్ హైదరాబాద్ పోయి రండ్రి."

"దీన్ల పోకు బిడ్డా."

ఇద్దరూ తిరిగి చూశారు. షెడ్డు ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో కూరగాయల సంచి.

"ఎవరమ్మా మీరు?"

"రుక్మాబాయి అంటరు. ఫ్యాక్టరీ క్వార్టర్ల దిక్కు ఉంట. రోజు పొద్దుమీకి, దీపాలు పెట్టే యాళ్లకు, మీ కారు మా గల్లి మూల కాడ మలుగుతది. ఇంట్ల కూసోని ఇంటుంట."

ఆమె కారు దగ్గరికి వచ్చింది.

"ఇదివరకు రెండుసార్లు కొట్టి ఊకుంటుండె. గిప్పుడు ఊకుంటలేదు. ఇంజన్ ముంగట మూత ఇప్పి సూడుండ్రి. లోపల చైన్ వదులైనట్టుంది."

ముజీబ్ మొహం చిట్లించాడు. "అది ఇప్పాలంటే సగం ఇంజన్ కదపాలె అమ్మా. దినమంత పని."

భానుప్రసాద్‌కు చిరాకు వేసింది.

"మీకు ఇంజన్ పని ఎరుకనా?"

"నాకేం ఎరుక బిడ్డా. ఈ సప్పుడు ఒక్కటే ఎరుక."

"సరే, మేం చూసుకుంటం. మీరు పోండ్రి." మాట కాస్త కటువుగానే వచ్చింది.

ఆవిడ పోలేదు. స్టూలు లాక్కుని కారు పక్కనే కూర్చుంది.

"రేపు పక్క సీట్ల ఎవరు కూసుంటరు?"

"నా భార్య. ఐదో నెల. పరీక్షకు తీస్కపోతున్న."

"గందుకే ఇప్పి సూడుమంటున్న."

భానుప్రసాద్ స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టాడు. ముజీబ్ వైపు తిరిగి, "ఇప్పు భాయ్," అన్నాడు.

ముజీబ్ పానాలు తీస్తుంటే రుక్మాబాయి లేచి నిలబడింది.

"ఇది బాగైతే ఈ సప్పుడు మల్ల రాదా?"

"రానే రాదమ్మా."

"మంచిదే," అంది. కారు వైపు చూసి, "ఒక్కసారి స్టార్ట్ చెయ్యి బిడ్డా. గంతే," అంది.

భానుప్రసాద్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కి వదిలాడు. టకటక మొదలైంది. ఆవిడ బానెట్ మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకుంది. లోపం ఎక్కడుందో పోల్చుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

"ఇగ బంద్ చెయ్యి," అంది చివరికి.

సాయంత్రానికి మూత ఊడింది. లోపల చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే ముక్క నిలువునా పగిలి, ఒక్క అంచు మీద వేలాడుతోంది.

ముజీబ్ నూనె చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"రోడ్డు మీద గిది ఊడితే ఇంజన్ ఒక్క దెబ్బకు పట్టేస్తుండె సాబ్. ఎనక లారీ గిట్ల ఉంటే..."



భానుప్రసాద్ వెనక్కి తిరిగాడు. స్టూలు ఖాళీగా ఉంది. ఆవిడ ఎప్పుడు వెళ్లిందో ఇద్దరూ గమనించలేదు.

మరునాడు భార్య కావ్యను హైదరాబాద్‌కు బస్సులో తీసుకెళ్లాడు. కొత్త ముక్క తెప్పించి బిగించడానికి కొన్నాళ్లు పట్టింది. ఇప్పుడు ఇంజన్ నడుస్తున్నదీ లేనిదీ చెవి పెడితే గాని తెలియడం లేదు.

"ముందుగాల ఆమె కాళ్లు మొక్కి రావాలె," అంది కావ్య.

ఆ ఆదివారం పండ్లు, చీర పట్టుకుని ఇద్దరూ క్వార్టర్లకు వెళ్లారు. రుక్మాబాయి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద రేణుకమ్మ బీడీలు చుడుతోంది.

"రుక్మవ్వ లేదు. నాందేడ్‌ల బిడ్డ ఇంటికి పోయింది. ఎన్నేండ్ల సంది రమ్మన్నా ఇల్లు కదలకపోతుండె. గీసారి తనంతట తనే బట్టలు సర్దుకున్నది."

"మళ్లీ ఎప్పుడొస్తరు?" అడిగాడు భానుప్రసాద్.

"ఇగ రాదంట."

రేణుకమ్మ చూపు గల్లి చివర ఆగి ఉన్న కారు మీద పడింది. ఒళ్లోని చేట పక్కన పెట్టి లేచింది.

"అది ముత్తన్న సారు కారు గదా. సప్పుడు చేయకుంట ఎట్ల వచ్చింది?"

"బాగు చేయించినం. ముత్తన్న సారు ఎవరు?"

"రుక్మవ్వ పెనిమిటి. ఫ్యాక్టరీల ఇంజనీరు. బండి ఎందుకు సప్పుడు చేస్తదో రుక్మవ్వకు చెప్తుండె. దినాం పొద్దుమీకి గీ కార్లనే వస్తుండె. సారు పోయినంక అమ్మేసిండ్రు."

కావ్య భర్త చేయి పట్టుకుంది.

"ఇన్నేండ్లకు మల్ల గా సప్పుడు మూల కాడ ఇనబడ్డ దినం," అంది రేణుకమ్మ, "సారు లేడన్న సంగతే మరిసి, రుక్మవ్వ లేసి రెండు గిలాసల చాయ్ పోసింది."