బంద్ చేసిన గోలీ

పరశురాములు చేతులు ఒకటే వణుకుతున్నాయి. చొక్కా గుండీలు నవనీతే పెట్టి, భర్తను కరీంనగర్ డాక్టర్ దగ్గరికి తీసుకొచ్చింది.

"దుబాయ్ నుంచి రెండు నెలల చుట్టీ మీద ఇంటికి వచ్చిండు సార్. గుండెదడ అంటే హుస్నాబాద్‌ల కొన్ని దినాలకే గోలీలు రాసిన్రు. ఈయన కొనుక్కొని మింగుతనే ఉన్నడు. మొన్న ఒక్కసారిగా బంద్ చేసిండు. నిద్ర లేదు, తిండి లేదు," అంది.

"గట్ల ఆపితే ఫిట్స్ వస్తయి. మళ్ల మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తగ్గించాలె. నెలలు పడతది," అన్నాడు డాక్టర్.

"వచ్చే వారమే పోవాలె సార్. గీ గోలీలు ఆడికి తీస్కపోతే జైల్లేస్తరట," అంది నవనీత.

"ముందుగాల పర్మిషన్ తీసుకుంటే ఫికర్ లేదు. నేను కాయితం రాసిస్త."

నవనీత ఊపిరి పీల్చుకుంది. డాక్టర్ పెన్ను తీశాడు.

"రాయకున్రి సార్," అన్నాడు పరశురాములు.

నవనీత అతని వైపు తిరిగింది. "ఎందుకు?"

పరశురాములు తల ఎత్తలేదు. "నీకు చెప్పినట్టు ఆడ నాది దుకాణంల పని గాదు. పెద్ద పెద్ద బిల్డింగుల మీదికెళ్లి తాడుకు వేలాడుకుంట అద్దాలు తుడుస్త. నా పక్క తాడు మీద ఉన్నోడు నేను చూస్తుండంగనే కిందవడి సచ్చిపోయిండు. మళ్ల ఆ తాడు పట్టాలంటే పానం వణుకుతది."

"గందుకే గదా ఈ గోలీలు?" అంది నవనీత.

"గోలీ మింగితే ఆ భయం ఉండది," అన్నాడు. "భయం లేకుంటే మళ్ల ఎక్కుత. ఎక్కొద్దనే బంద్ చేసిన."