పంకా బదులు రోకలి

"ఆకాశంల నీకేమన్న అత్తగారిల్లు ఉన్నదా, గట్ల ఎగిరి పోనీకె?" పొద్దుటి నుంచీ స్వరూప నోటికి విరామం లేదు.

"అత్తగారిల్లే ఉంటే ఎగిరెటోన్నే కాదు," అన్నాడు మొగుడు గోవర్ధన్, విమానం రెక్కలను ట్రాలీకి కడుతూ. "ఒక్క చక్కర్ కొట్టి దిగుతం, గంతే. పర్మిషన్ వచ్చినంక ఇగ ఏం లొల్లే?"

మాదన్నపేటలో వాళ్లది పాల వ్యాపారం. రైల్వేలో ఫిట్టర్‌గా పనిచేసే ప్రేమ్‌రాజ్‌తో కలిసి, బర్రెల కొట్టం వెనుక ఏళ్ల తరబడి గోవర్ధన్ కట్టుకున్న రెండు సీట్ల విమానం అది. సొంతంగా విమానాలు చేసుకున్నవాళ్ల మేళా ఆ రోజే, ఊరి బయట మైదానంలో. నడిపేది గోవర్ధన్, వెనుక సీట్లో ప్రేమ్‌రాజ్. ఆ మాట అనుకున్న రోజు నుంచీ గోవర్ధన్ తల్లి ఎల్లమ్మకు కంట తడి ఆరలేదు. కంచం ముందు ఏడుపు, పాలు పితుకుతూ ఏడుపు.

ఆ ముసలి ప్రాణం గోస చూడలేకే స్వరూప దొంగతనానికి తెగించింది. తెల్లవారుతుండగానే కొట్టంలోకి వెళ్లి, దుప్పటిలో చుట్టి ఉన్న చెక్క పంకాను తీసి గడ్డిమోపుల కింద దాచింది. దుప్పటిలో రోకలి పెట్టి చుట్టేసింది. ముందర పంకా తిరగందే విమానం లేవదు. నలుగురూ నవ్వితే నవ్వనీ, మొగుడు నేల మీద ఉంటే అదే పదివేలు.

అత్త చెవిలో మాత్రం వేసింది. "అత్తమ్మా, ఇగ ఏడ్వకు. పంకా గడ్డి కింద పెట్టిన. మూటల ఉన్నది రోకలి."

ఎల్లమ్మ గడ్డిమోపుల వైపు ఓసారి చూసింది. "మంచిది బిడ్డా. నువ్వు పోయి చాయ్ పెట్టు, నేను బర్రెలకు గడ్డేస్త," అంది.

మైదానంలో రంగురంగుల బుల్లి విమానాలు బారులు తీరాయి. ఒక్కొక్కటీ గాలిలోకి లేస్తుంటే జనం ఈలలు. మిత్రులిద్దరూ రెక్కలు బిగించారు. గోవర్ధన్ కూతురు సోనీ ఫోన్‌లో వీడియో మొదలుపెట్టింది. స్వరూప నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోవర్ధన్ దుప్పటి విప్పాడు.

నున్నగా మెరుస్తూ పంకా!

స్వరూప నోటి మీది కొంగు జారిపోయింది. సంగతి తెలిసింది ఒక్కరికే. అత్తను పక్కకు లాగింది.

"నువ్వే మార్చినవా?"

"నేనే మార్చిన."

"నీ కొడుకు పానం మీద నీకు ఫికర్ లేదా అత్తమ్మా? మరి గన్ని దినాలు ఎందుకు ఏడిస్తివి?"

పంకా బిగించడం అయ్యేదాకా ఎల్లమ్మ ఓపికగా చూసింది. తర్వాత కొంగు నడుముకు చుట్టి, విమానం దగ్గరికి నడిచి, అందరికీ వినిపించేలా తాపీగా చెప్పింది:

"సైకిల్ కొన్నా, పాల ఆటో కొన్నా మా ఇంట్ల ముందుగాల ఎక్కింది నేనే. ప్రేమ్‌రాజ్ బిడ్డా, నువ్వు కింద నిలవడి చెయ్యూపు. నేను ఇన్ని దినాలు ఏడ్సింది వీడు ఎగురుతడని కాదు, ఎనక సీటు నీకిచ్చిండని."