ఎవరి తాలూకు అంకుల్?

"ఆ గన్ వెనక బట్ నీకు పొడుగైంది బాబూ. ఇలా ఇవ్వు."

రామమోహన్ ఇవ్వలేదు. ముసలాయనే చనువుగా పెయింట్ గన్ లాక్కున్నాడు.

1987 వేసవి. అమెరికాలో ప్లేనో తెలుగువాళ్ళ పిక్నిక్. ఊరి బయట, రంగు గుళ్ళతో కాల్చుకునే పెయింట్‌బాల్ ఆట గ్రౌండ్. పొద్దున పదింటికే ఎండ మాడ్చేస్తోంది.

ఆయన, ఆఫీసులో తనతో పనిచేసే రాధాకృష్ణ వాళ్ళ నాన్నగారై ఉంటారనుకున్నాడు రామమోహన్. అనుకోగానే ఒళ్ళు మండింది.

మండదూ మరి! రాధాకృష్ణ మేనేజర్ చెవిలో ఊదబట్టే కదా, శుక్రవారం తన ఉద్యోగం ఊడింది! ఉద్యోగంతో పాటే వీసా. ఇవాళ వాడి ఒంటిమీద ఖాళీ లేకుండా కొట్టాలనే వచ్చాడు.

ముసలాయన స్క్రూలు వదులు చేసి బట్‌ను లోపలికి నెట్టాడు. పిడికి గుడ్డ టేపు చుట్టాడు.

"ముందు కొలతకి మోచేతి మడతలో ఆనించి చూడు. వేలు ట్రిగ్గర్‌కి అందుతోందా?"

"అందుతోంది అంకుల్."

"హాయిగా ఉందిగా? బిగించి పట్టుకుంటే చెయ్యి అదిరి ఎక్కడో తగుల్తుంది. మెడ కిందే కొట్టు. అవతలివాడు గాగుల్స్ తీస్తే గన్ దించెయ్."

"సర్లెండి అంకుల్! లెక్చర్ వద్దు."

ఆట మొదలైంది. రామమోహన్ మిగతావాళ్ళ జోలికే పోలేదు. పొదల వెనక పది అడుగుల దూరంలో దొరికాడు రాధాకృష్ణ.

మొదటి గుండు డొక్కలో. రెండోది మెడ మీద. చర్మం చిట్లింది.

"ఔట్ రా బాబూ, ఔట్! రక్తం వస్తోంది!"

రాధాకృష్ణ మోకాళ్ళ మీద కూలబడి, ఆవిరి పట్టిన గాగుల్స్ పీకేశాడు.

ఇంకో గుండు ఎక్కేలా రామమోహన్ మళ్ళీ గన్ పంప్ లాగాడు. గన్ చేతిలో ఎంత బాగా ఒదిగిందో! ముఖానికి గురిపెట్టాడు.

"వద్దు నాన్నా!"

అరుస్తూ హద్దు తాడు దాటి పరిగెత్తుకొచ్చిన ముసలాయన అడ్డం పడటం, వేలు ట్రిగ్గర్ నొక్కడం ఒక్కసారే జరిగాయి.

గుండులోని రంగు పసుపు. ముఖం కప్పుకున్న ఆయన వేళ్ళ సందుల్లోంచి కారుతున్నది ఎరుపు.

అంబులెన్స్ వెళ్ళిపోయింది.

"మీ నాన్నగారిని..." అన్నాడు రామమోహన్.

"మా నాన్న ఏలూరులో ఉన్నారు," అన్నాడు రాధాకృష్ణ. "ఆయన వసుమతిగారి మామగారు కదూ?"

"అయ్యో, మావాళ్ళు కాదు. గోపాల్ తీసుకొచ్చాడనుకుని పులిహోర కూడా పెట్టాను," అంది పిక్నిక్‌కి వంటలు తెచ్చిన వసుమతి.

పిక్నిక్‌కి అందర్నీ కూడగట్టిన గోపాల్ కూడా తల అడ్డంగా ఊపాడు. పొద్దుటి నుంచీ అందరూ అంకుల్ అంకుల్ అన్నవాళ్ళే. పేరైనా అడిగిన పాపాన పోలేదు.

ఆయనెవరని ఇంగ్లీషులో అడిగితే, గ్రౌండ్ ఓనర్ టోపీ తీశాడు.

"ప్రతి ఆదివారం వస్తాడాయన. అందరి గన్‌లూ ఊరికే సరిచేసి పెడతాడు. రెండేళ్ళ కిందట ఇక్కడే గాగుల్స్ తీసిన ఒక అబ్బాయికి దెబ్బ తగిలి కన్ను పోయింది."

"ఆ అబ్బాయి తండ్రా?" అన్నాడు రామమోహన్.

"కాదు. ఆ అబ్బాయి బాగానే ఉన్నాడు, కాలేజీకి వెళ్తున్నాడు. ఈయన, ఆ దెబ్బ కొట్టినందుకు నెల తిరక్కుండా ప్రాణం తీసుకున్న పిల్లాడి తండ్రి."