సూర్యుడి తరఫు సాక్షి

“మాస్టారూ, మీరు ఒక్క మాట చెప్పండి చాలు. తప్పు ఈ అమ్మాయిదా, సూర్యుడిదా?”

నర్సరీ యజమాని వీరవెంకటసత్యనారాయణ ఆ మాట అనగానే షెడ్డు కింద చేరిన రైతులు గొల్లున నవ్వారు. హెలెన్ నవ్వలేదు. ప్రభుత్వం మహిళా సంఘానికి ఇచ్చిన డ్రోన్‌ను నడిపేది ఆమె. కడియం చుట్టుపక్కల నాలుగూళ్ళ వరిచేలకు మందు కొట్టేది కూడా ఆమే. కాసేపట్లో ఆ డ్రోన్ తన చేతిలో ఉంటుందో పోతుందో ఆమెకు తెలియదు.

నాలుగు రోజుల కిందట, పదకొండో తేదీ ఉదయం ఆరింటికి, నర్సరీ పక్క చేలో ఆమె కలుపు మందు కొడుతుండగా డ్రోన్ గట్టు దాటి నర్సరీ మీదికి వచ్చేసింది. వరిని ఏమీ చేయని ఆ మందు గులాబీలనూ మందారాలనూ వదల్లేదు. లారీ ఎక్కాల్సిన మొక్కలు మర్నాటికల్లా ఆకులు ముడుచుకుని, కాడలు మెలితిరిగి ఉన్నాయి. సత్యనారాయణ ఆ వరసల మధ్య అలాగే చతికిలబడిపోయాడు.

సౌర తుపాను వల్ల జీపీఎస్ దారి తప్పిందని హెలెన్ చెప్పింది. అది నిజమో కాదో తేల్చడానికే విశ్వనాథ్ మాస్టారిని పిలిపించారు.

ఆయన ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయన యుద్ధమంతా వాట్సాప్‌తో. ఎవరైనా బూటకపు మెసేజ్ పంపితే దాని సంగతి తేల్చేదాకా ఆయనకు అన్నం సహించదు. ఆ నెలంతా ఒకటే మెసేజ్: పదో తేదీన సూర్యుడు పేలతాడు, ఫోన్లు కాలిపోతాయి, మూడు రోజులు చీకటి. జనం టార్చిలైట్లు కొనిపెట్టుకున్నారు. ఒకాయన తన ఫోన్‌ను బియ్యం డబ్బాలో దాచాడు. మాస్టారు ఊరూరా తిరిగి విడమరిచి చెప్పారు. సూర్యుడి నుంచి అప్పుడప్పుడు కణాల మేఘం ఎగిసి వస్తుందనీ, భూమి అయస్కాంత శక్తీ గాలిపొరా మనల్ని కాస్తాయనీ, మనుషులకు ఏ హానీ ఉండదనీ, మహా అయితే జీపీఎస్ కాసేపు తడబడుతుందనీ ఆయన చెప్పినదాని సారాంశం. పదో తేదీ వచ్చింది, వెళ్ళింది. ఊళ్ళో ఒక్క బల్బు కూడా మాడలేదు. ఆ గెలుపు ఆయన ముఖంలో ఇంకా కనిపిస్తూనే ఉంది.

“జీపీఎస్ తడబడుతుందని మా ఊరి మీటింగులో మీరే చెప్పారు కదండీ,” అంది హెలెన్. “స్క్రీన్ మీద శాటిలైట్ల లెక్క ఒక్కసారిగా పడిపోయిందండి. నేను తేరుకుని వెనక్కి లాగేలోపల గట్టు దాటేసింది.”

“అన్నానమ్మా. తుపాను ఉన్నప్పుడు అన్నాను.”

మాస్టారు చొక్కా జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పారు. తుపాను ఏ గంటకు ఎంత తీవ్రంగా ఉందో చెప్పే పట్టిక అది. విదేశీ వెబ్‌సైట్ నుంచి ప్రింటు తీయించి తెచ్చారు. అందరికీ వినబడేలా చదివారు. పదకొండో తేదీ సున్నా గంటల నుంచి మూడు గంటల దాకా తుపాను ఉధృతంగా ఉంది. ఆపైన తగ్గుతూ వచ్చి ఆరింటికల్లా శాంతించింది.

“అర్ధరాత్రి నుంచి మూడింటి దాకా వచ్చి పోయిందది. మనమెవరం లేచి కూడా లేము. నువ్వు డ్రోన్ లేపింది ఆరింటికి.”

హెలెన్ ఆ కాగితం వైపు వేలు చూపించింది. “ఇంకోసారి చూడండి మాస్టారూ. నేను అబద్ధం ఆడలేదు.”

“నీ పొరపాటును సూర్యుడి నెత్తిన రుద్దకమ్మా.”

ఆయన కోపంతో అన్న మాట కాదది. ఈరోజు దీన్ని వదిలేస్తే రేపు పాలు విరిగినా, బస్సు లేటయినా అందరూ సూర్యుణ్ణే తిడతారని ఆయన భయం. తప్పు హెలెన్‌దేనని రాసిన కాగితం మీద అడిగిన చోట సంతకం పెట్టారు.

సంఘంవాళ్ళు ఆ సాయంత్రమే డ్రోన్ వెనక్కి తీసుకున్నారు. ఇచ్చే ముందు హెలెన్ దాని రెక్కలన్నీ పమిట చెంగుతో తుడిచి, ఒక్కొక్కటే మడిచి పెట్టెలో సర్దింది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

నెల తర్వాత మాస్టారు రోడ్డు మీద వెళ్తూ ఆమెను చూశారు. ఒక నర్సరీలో గొంతుకూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపుతోంది. పలకరిద్దామని ఆగి, మళ్ళీ ముందుకు వెళ్ళిపోయారు. ఆయన మనసు చివుక్కుమంది. అయినా, ఉన్నదే చెప్పానుగదా అనుకున్నారు.

ఆ వారమే హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్ ప్రసన్నకుమారి ఆయన్ని పదో తరగతి పిల్లలతో మాట్లాడమని పిలిచింది. పుకారును అంకెలతో ఎలా పట్టుకోవాలో చెప్పాలి. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుందని మాస్టారు ఆ పట్టికనే పెద్దది చేయించి బోర్డుకు అంటించారు. హెలెన్ పేరు ఎత్తకుండా కథంతా చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ప్రసన్నకుమారి ఇరవై ఏళ్ళు సోషల్ చెప్పిన మనిషి. కళ్ళజోడు సర్దుకుని బోర్డు దగ్గరికి వచ్చింది.

“మాస్టారూ, ఇందులో గంటలు గ్రీన్విచ్ టైములో ఉన్నాయి కదండీ. మన టైముకి అయిదున్నర గంటలు కలపాలేమో.”

మాస్టారు గబగబా కాగితం దగ్గరికి వంగారు. తేదీ పక్కన చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. ముందు వరసలో అమ్మాయి తాను కలపనా అని అడిగింది. వద్దన్నట్టు తల ఊపి, చాక్‌పీసు తీసుకుని ఆయనే కలిపారు. సున్నా గంటలు ఉదయం అయిదున్నర అయింది. మూడు గంటలు ఎనిమిదిన్నర అయింది.

హెలెన్ డ్రోన్ లేపింది ఆరింటికి.